అతి చలి ప్రాంతాలకు అలంకరణ మొక్కలు: ఎంపికలో చిన్న నర్సరీ రైతులు గమనించాల్సిన విషయాలు

కడియం, కడియపులంక, వేమగిరి చుట్టుపక్కల నర్సరీల నుంచి మొక్కలు లారీలకెత్తి ఎన్నో రాష్ట్రాలకు వెళుతుంటాయి. చెన్నైకో, బెంగళూరుకో పంపేటప్పుడు రైతుకు పెద్దగా దిగులు ఉండదు. ఇక్కడ బతికిన మొక్క అక్కడా బతుకుతుంది. కానీ సిమ్లాలో కట్టిన హోటల్ నుంచో, కాశ్మీరులో వేసే తోట నుంచో ఆర్డరు వచ్చిందనుకోండి. జాబితాలో మందార, నూరువరహాలు, క్రోటన్లు, దేవగన్నేరు ఉంటాయి. కొనేవారికి వాటి అందం తెలుసు, అక్కడి చలికి అవి నిలవవని తెలియదు. మీరు సగం డబ్బు అడ్వాన్సుగా తీసుకుని పంపుతారు. మొదటి శీతాకాలంలోనే మొక్కలన్నీ నల్లబడిపోతాయి. మిగతా సగం రాదు, మళ్లీ ఆర్డరూ రాదు. నాలుగైదు వందల గజాల్లో నర్సరీ నడుపుకునే రైతుకు ఒక్క లోడు ఇలా పోతే ఆ ఏడాది లాభం పోయినట్టే.

అందుకని చలి ప్రాంతానికి ఏ మొక్క పంపవచ్చు, ఏది పంపకూడదు, ఏ ఆర్డరుకు 'మా వల్ల కాదు' అని చెప్పాలి అన్నది తెలుసుకుని ఉండటం మంచిది. కొండ ప్రాంతంలో సొంతంగా తోట వేయదలచుకున్నవారికి, చలి దేశాల్లో ఉన్న బంధువులకు సలహా చెప్పవలసి వచ్చినవారికి కూడా ఇవే విషయాలు పనికొస్తాయి.

మంచు అంటే ఏ మంచు?

మన భాషలో తెల్లవారుజామున గడ్డి మీద నిలిచే బొట్లూ మంచే, రోడ్డు కనబడకుండా చేసేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. మొక్కకు మాత్రం ఈ మూడూ వేరు వేరు. పొగమంచు వల్ల తెగుళ్లు పెరుగుతాయి కానీ మొక్క గడ్డకట్టి చావదు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి గాలి కదలనప్పుడు నేల వేడంతా పైకి పోయి ఆకుల మీద తెల్లని పొడిలా పేరుకునే తెల్లమంచు ప్రమాదకరం. మన లేత మొక్కలను ఒక్క రాత్రిలో చంపేది ఇదే. ఇక ఆకాశం నుంచి దూదిలా కురిసే మంచు, వినడానికి వింతగా ఉంటుంది కానీ, మొక్కకు దుప్పటి లాంటిది. దాని కింద నేల సున్నా డిగ్రీలకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. పైన గాలి మైనస్ 25 డిగ్రీలు ఉన్నా కింద ఉన్న దుంపకు ఆ సంగతి తెలియదు. అందుకే మంచు బాగా కురిసే చోట బతికే మొక్క, అంతే చలి ఉండి మంచు కురవని చోట చచ్చిపోవచ్చు.

కొనేవారిని ముందుగా అడగవలసిన ప్రశ్నలు రెండు. శీతాకాలంలో అతి తక్కువ ఉష్ణోగ్రత ఎంతకు పడిపోతుంది? నేల మీద మంచు ఎన్నాళ్లు నిలిచి ఉంటుంది? 'చలి బాగా ఉంటుందండీ' అన్న సమాధానంతో సరిపెట్టుకోవద్దు.

చలి మొక్కను ఎలా చంపుతుంది

మందార, కనకాంబరం, క్రోటను లాంటి ఉష్ణమండలపు మొక్కలకు నీరు గడ్డకట్టేదాకా అక్కర్లేదు. 10 డిగ్రీల లోపు కొన్నాళ్లు ఉంటేనే ఆకులు పసుపుబారి రాలిపోతాయి, వేళ్లు నీళ్లు పీల్చడం మానేస్తాయి. సున్నా దాటి దిగితే ఆకు కణాల్లో నీరు గడ్డకట్టి కణం పగిలిపోతుంది. మర్నాడు ఎండ తగిలేసరికి ఆకు ఉడికించిన తోటకూరలా వాలిపోతుంది.

చలి దేశపు మొక్క చేసే పని వేరు. శరదృతువులో పగలు తగ్గి రాత్రి పెరగడం, చలి కొంచెం కొంచెంగా ముదరడం గమనించి పెరుగుదల ఆపేస్తుంది. ఆకు రాల్చేస్తుంది. కణాల్లో చక్కెరలు పెంచుకుని, నీటిని కణం బయటికి పంపేస్తుంది. మంచు గడ్డ కణాల మధ్య ఖాళీల్లో కడుతుంది కానీ లోపల కట్టదు. ఇలా సిద్ధపడటానికి దానికి కొన్ని వారాలు పడుతుంది.

ఈ సిద్ధపాటు ఎంత ముఖ్యమో ఒక ఉదాహరణ చూడండి. ఉత్తర అమెరికాలో ఎర్ర కొమ్మల డాగ్‌వుడ్ అనే పొద ఉంది. చలికాలం నడిమధ్యన దాని రెమ్మను మెల్లగా చల్లబరుస్తూ పోతే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో కూడా బతుకుతుందని ప్రయోగాల్లో తేలింది. జపాన్ శాస్త్రవేత్త అకీరా సకాయ్ విల్లో రెమ్మలతో ఇలాంటి ఫలితమే చూపించారు. అదే డాగ్‌వుడ్ వేసవిలో చిగురు మీద ఉన్నప్పుడు మైనస్ 3 డిగ్రీలకే చచ్చిపోతుంది. మొక్క ఒకటే, జాతి ఒకటే. సిద్ధపడిందా లేదా అన్నదే తేడా.

మన నర్సరీ రైతుకు ఇందులో అన్నిటికంటే పెద్ద పాఠం ఉంది. గోదావరి ఒడ్డున నవంబరులో కూడా చిగురు వేస్తున్న గులాబీని లారీ ఎక్కించి డిసెంబరులో హిమాచల్‌లో దింపితే, గులాబీ చలికి తట్టుకునే మొక్కే అయినా ఆ మొక్క తట్టుకోదు. 'అక్కడ గులాబీలు ఉన్నాయి కదా, మావే ఎందుకు పోయాయి' అని ఆశ్చర్యపోవడం దీనివల్లే.

చలి ఒక్కటే కాకుండా చలికాలపు ఎండిపోవడం కూడా మొక్కను చంపుతుంది. నేల గడ్డకట్టి ఉంటే వేరుకు నీరు అందదు. పైన ఎండ, గాలి తగులుతుంటే సతతహరిత మొక్కల ఆకుల్లోంచి నీరు పోతూనే ఉంటుంది. వసంతం వచ్చేసరికి ఒకవైపు ఆకులన్నీ గోధుమ రంగుకు మారతాయి. దాన్ని తెగులనుకుని మందు కొట్టేవారున్నారు. అది దాహం, మందుతో తగ్గదు.

చలి మండలాల లెక్క

అమెరికా వ్యవసాయ శాఖ 1960లో ఒక పటం తయారుచేసింది. ఏటా శీతాకాలంలో నమోదయ్యే అతి తక్కువ ఉష్ణోగ్రతల సగటును బట్టి ప్రాంతాలను మండలాలుగా విడదీసింది. ఇప్పుడు 1 నుంచి 13 వరకు మండలాలున్నాయి. ఒక్కో మండలానికీ మధ్య తేడా సుమారు 5.6 సెల్సియస్ డిగ్రీలు. ఈ పటాన్ని 2012లో, మళ్లీ 2023లో సవరించారు. మొక్కల కేటలాగుల్లో 'జోన్ 4' అని కనబడేది ఈ లెక్కే.

గుర్తుంచుకోవడానికి వీలుగా కొన్ని చెబుతాను. 3వ మండలం అంటే మైనస్ 40 నుంచి మైనస్ 34 వరకు. 5వది మైనస్ 29 నుంచి మైనస్ 23 వరకు. 7వది మైనస్ 18 నుంచి మైనస్ 12 వరకు. 9వది మైనస్ 7 నుంచి మైనస్ 1 వరకు. 10వ మండలంలో అరుదుగా తప్ప గడ్డకట్టే చలి ఉండదు. మన తెలుగు రాష్ట్రాల మైదానాలన్నీ దాదాపు 11, 12 మండలాల్లోకి వస్తాయి. అమెరికాలో మిన్నెసోటా చాలా భాగం 3, 4 మండలాల్లో ఉంటుంది.

నియమం సులువు. 5వ మండలానికి తగిన మొక్క 6లోనూ 7లోనూ చలికి చావదు. 7వ మండలపు మొక్కను 5లో నాటితే పోతుంది. అయితే ఈ లెక్క చలి గురించి తప్ప మరేమీ చెప్పదు. ఎండ, వాన, నేల గుణం, గాలి, మంచు దుప్పటి ఇవేవీ అందులో లేవు. అందుకని మండలం నంబరు చూసి 'పంపవచ్చు' అని తేల్చేయకండి. 'పంపకూడదు' అని తేల్చడానికి మాత్రం అది బాగా పనికొస్తుంది.

ఎత్తు పెరిగితే ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. ఒకే ఊళ్లో కూడా కొండ మధ్య వాలు కంటే లోయ అడుగున చలి ఎక్కువ. చల్లని గాలి బరువుగా ఉండి రాత్రిపూట నీటిలా పల్లానికి జారుతుంది. లంబసింగి వంటి చోట్ల శీతాకాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత బాగా దిగజారినప్పుడు పల్లపు చేలల్లో ముందుగా దెబ్బ తగలడానికి కారణం ఇదే. అందుకని లేత మొక్కలను కొండ నడుమ వాలులో నాటుకోవాలి, గుంటల్లో నాటకూడదు.

మన నర్సరీల్లో ఉన్నవాటిలో ఏవి ఎంత తట్టుకుంటాయి

మందార, నూరువరహాలు, క్రోటన్లు, కనకాంబరం, మల్లె, దేవగన్నేరు, అరటి జాతి అలంకరణ మొక్కలు, ఫైకస్ రకాలు తెల్లమంచు పడే చోట ఆరుబయట నాటడానికి పనికిరావు. కాగితపు పూలు, అంటే బోగన్‌విలియా, ఒకటి రెండు రాత్రులు సున్నాకు దిగినా ఆకు రాల్చి మళ్లీ చిగురిస్తుంది. అంతకు మించి నిలవదు. ఢిల్లీ, పంజాబ్ మైదానాలకు సరిపోతుంది, కొండలకు కాదు.

గన్నేరు కొంచెం గట్టిది. ముదురు మొక్క మైనస్ 5, 6 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. సైకస్ దాదాపు అంతే. దానిమ్మ, క్రేప్ మర్టల్ ఇంకా నయం. ఆకు రాల్చి నిద్రపోయాక మైనస్ 10 డిగ్రీలను దాటగలవు. కొమ్మలు కాలిపోయినా మొదలు నుంచి మళ్లీ లేస్తాయి.

చాలామంది గమనించని మంచి మొక్క తూజా. మన నర్సరీల్లో విసనకర్రలా నిలువుగా పరచుకునే ఆకులతో కనిపించే రకం అసలు చైనా వైపు చలి ప్రాంతపు చెట్టు. కోస్తా ఎండలోనూ పెరుగుతుంది, బాగా స్థిరపడ్డాక మైనస్ 20 దరిదాపుల్లోనూ బతుకుతుంది. చైనా జునిపర్ రకాలు దాని కంటే ఇంకా గట్టివి. సిమ్లా లాంటి చోట, శీతాకాలం మరీ కఠినంగా ఉండని కొండ ఊళ్లకు, కడియం రైతు ధైర్యంగా పంపగలిగిన సతతహరిత మొక్కలు ఇవే అని నా అభిప్రాయం. వర్షాకాలానికి ముందు పంపితే చలికాలంలోగా వేరు పట్టుకుంటాయి.

చామంతి విషయం వేరుగా చెప్పాలి. మనం పూలమార్కెట్టుకు పెంచే రకాలు చలికి సిద్ధపడేవి కావు. అయితే మిన్నెసోటా విశ్వవిద్యాలయం చాలా దశాబ్దాలుగా మంచు ప్రాంతాలకు తట్టుకునే చామంతి రకాలను రూపొందిస్తూ వచ్చింది. పేరు ఒకటే కదా అని మన పిలకలు పంపితే ఒక సీజను పూసి పోతాయి. 'ఒక సీజనుకే' అని ముందే చెప్పి అమ్మితే అందులో తప్పు లేదు.

నిజంగా అతి చలికి నిలిచే మొక్కలు

మైనస్ 20, 30 డిగ్రీలకు దిగే చోటికి మన తీర ప్రాంతపు నర్సరీలో పెంచి పంపగలిగినది దాదాపు ఏమీ లేదు. లైలాక్, పియొనీ, స్ప్రూస్, బర్చ్ లాంటివాటికి ఏటా కొన్ని వారాల చలి నిద్ర తప్పనిసరి. అది లేకపోతే మొగ్గ విచ్చుకోదు. కడియంలో వాటిని తెచ్చి పెంచుదామనుకుంటే డబ్బు దండగ. ఆర్డరు పెద్దదైతే ఆ ప్రాంతపు నర్సరీ వారితో మాట్లాడి వారి మొక్కలను ఇప్పించడం, మీరు సరఫరా బాధ్యత తీసుకోవడం మేలు. ఏవి అడగాలో తెలియాలి కాబట్టి ముఖ్యమైనవి చెబుతున్నాను.

పూల పొదల్లో ముందు చెప్పుకోవలసింది లైలాక్. వసంతంలో ఊదా, తెలుపు గుత్తులుగా పూస్తుంది. మంచి వాసన. 3వ మండలం దాకా నిలుస్తుంది, సున్నపు నేలనూ ఓర్చుకుంటుంది. హిమాలయాల్లో సహజంగా పెరిగే లైలాక్ జాతి కూడా ఒకటుంది.

గులాబీల్లో మనకు అలవాటైన పెద్దపూల హైబ్రిడ్ టీ రకాలు అతి చలిలో కప్పి కాపాడితే తప్ప నిలవవు. ముడతలు పడిన ఆకులతో, ఒంటినిండా ముళ్లతో ఉండే రుగోసా గులాబీ ఏ కప్పూ లేకుండా మైనస్ 35ను దాటగలదు. కెనడా ప్రభుత్వ పరిశోధకులు దీని సంకరాలతోనూ, ఇతర గట్టి జాతులతోనూ 'ఎక్స్‌ప్లోరర్' వరుసలో గులాబీలు తయారుచేశారు. 'జాన్ కాబట్' 1978లో, 'విలియం బాఫిన్' 1983లో విడుదలయ్యాయి. పువ్వు మన దండల గులాబీ అంత నిండుగా ఉండకపోయినా వేసవంతా పూస్తాయి, ఏటా బతుకుతాయి.

అంటు గులాబీ గురించి ఒక మాట. చలి ప్రాంతంలో నాటేటప్పుడు అంటు కట్టిన ముడిని నేలకు 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతున పూడ్చాలి. మనమైతే ముడి నేల పైన ఉండాలని చెబుతాం, అక్కడ దానికి పూర్తిగా తలకిందులు. ముడి పైన ఉంటే చలికి పై రకం చచ్చి, కింది వేరుమూలం నుంచి అడవి గులాబీ చిగురు వస్తుంది. రెండో ఏడాది 'మీరు ఎర్ర గులాబీ అని ఇచ్చారు, చిన్న తెల్ల పూలు పూస్తున్నాయి' అని ఫోను వచ్చిందంటే జరిగింది అదే.

హైడ్రాంజియా దగ్గర మోసపోయేవారు ఎక్కువ. నీలం, గులాబీ రంగు బంతుల్లా పూసే పెద్దాకు రకం 6వ మండలం వరకు బతుకుతుంది. కానీ అది పూసేది కిందటేడాది కొమ్మ మీద తయారైన మొగ్గ నుంచి. చలికి కొమ్మ పోయినా వేరు బతుకుతుంది, వసంతంలో ఆకులు గుబురుగా వస్తాయి, పువ్వు మాత్రం రాదు. ఎరువు వేస్తే ఆకులు ఇంకా పెరుగుతాయి, పువ్వు అప్పటికీ రాదు. 'మొక్క బతుకుతుంది' అన్నదీ 'మొక్క పూస్తుంది' అన్నదీ రెండు వేరు మాటలని రైతు గుర్తుంచుకోవాలి. అతి చలి చోట్లకు ఆ ఏటి కొత్త కొమ్మ మీద పూసే రకాలు అడగాలి. శంకువులా గుత్తి వేసే పానిక్యులేటా, తెల్లని బంతుల 'అన్నబెల్' రెండూ 3వ మండలంలోనూ ఏటా పూస్తాయి. ఫోర్సీథియాదీ ఇదే కథ. పొద బతికినా మంచు దుప్పటి పైకి ఉన్న కొమ్మల మొగ్గలు మాడిపోయి, మంచులో మునిగిన కింది కొమ్మలు మాత్రమే పసుపుగా పూస్తాయి.

అజేలియాల్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1978 నుంచి విడుదల చేస్తూ వచ్చిన 'నార్తర్న్ లైట్స్' రకాల పూమొగ్గలు మైనస్ 35 వరకు తట్టుకుంటాయి. అయితే అజేలియాకు ఆమ్ల నేల కావాలి. క్షార నేలలో ఆకులు పసుపెక్కి ఎండిపోతాయి. చలికి గట్టిదని లదాఖ్‌కు పంపితే నేల దాన్ని చంపేస్తుంది.

మందార కావాలని పట్టుబట్టేవారు ఉంటారు. వారికి దగ్గర చుట్టాలు రెండున్నాయి. ఆకు రాల్చే పొద మందార ఒకటి, 5వ మండలం దాకా నిలుస్తుంది. అమెరికా చిత్తడి నేలల మందార ఇంకొకటి, చలికాలంలో నేల దాకా ఎండిపోయి, వేసవిలో మళ్లీ లేచి పళ్లెమంత పువ్వు పూస్తుంది. ఎండిన కొమ్మలు చూసి చచ్చిపోయిందని పీకేయకూడదు. ఇది అన్నిటికంటే ఆలస్యంగా చిగురిస్తుంది.

చెట్లలో బర్చ్, అడవి ఆపిల్, కొలరాడో నీలి స్ప్రూస్, స్కాట్స్ పైన్ పేరున్నవి. వీటి ఎంపికలో విత్తనం ఎక్కడిదో తప్పకుండా అడగాలి. దక్షిణాన వెచ్చని చోట సేకరించిన విత్తనం నుంచి వచ్చిన చెట్టు, జాతి అదే అయినా, శరదృతువులో ఆలస్యంగా నిద్రపోతుంది. అప్పుడు దెబ్బ తింటుంది.

ఏళ్ల తరబడి బతికే పూలమొక్కల్లో పియొనీ, సైబీరియన్ ఐరిస్, డేలిలీ, హోస్టా, బెర్జీనియా, సీడమ్ నమ్మదగినవి. వీటిలో చాలావాటి పైభాగం చచ్చి దుంప నేలలో దాగి ఉంటుంది కాబట్టి మంచు దుప్పటి వీటిని కాపాడుతుంది. వీటికి చలి కంటే చలికాలపు నీటి నిలువ పెద్ద శత్రువు. సీడమ్ తడి నేలలో కుళ్లిపోతుంది. పియొనీ కన్నును నేలకు మూడు నాలుగు సెంటీమీటర్ల లోతునే నాటాలి. లోతు ఎక్కువైతే బతుకుతుంది కానీ పూయదు.

టులిప్, డాఫొడిల్, క్రోకస్ గడ్డలను శరదృతువులో, నేల గడ్డకట్టకముందు నాటుతారు. టులిప్‌కు 12 నుంచి 16 వారాల పాటు 9 డిగ్రీల లోపు చలి కావాలి. శ్రీనగర్ టులిప్ తోట వసంతంలో విరగబూయడం వెనక ఆ శీతాకాలపు చలి ఉంది. డాలియా, గ్లాడియోలస్, మెట్టతామర దుంపలు మాత్రం గడ్డకట్టే నేలలో కుళ్లిపోతాయి. తొలి తెల్లమంచుకు ఆకు మాడగానే తవ్వి తీసి, ఆరబెట్టి, పొడి కొబ్బరిపొట్టులో 5 నుంచి 10 డిగ్రీల మధ్య దాచి మళ్లీ వేసవిలో నాటాలి.

ఇక పెట్యూనియా, బంతి, కాస్మోస్, స్నాప్‌డ్రాగన్ లాంటివి ఒక్క వేసవి పూసి పోయేవి. కొండ ప్రాంతాల వాళ్లు కూడా వసంతంలో వీటిని ఏటా కొత్తగా కొంటారు. ఆఖరి తెల్లమంచు దాటాక నాటాలి, అంతే. పాన్సీ తేలికపాటి మంచునూ భరిస్తుంది.

లేహ్ లాంటి చోట్ల చలి ఒక్కటే కాదు

లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. ఏడాది మొత్తం మీద పడేది 100 మిల్లీమీటర్ల దరిదాపు వాన, మంచు కలిపి. మన అనంతపురం దాని ముందు పచ్చని ఊరు. చలికాలంలో రాత్రులు మైనస్ 15కు, అంతకంటే కిందికి పోతాయి. పగలు ఎండ చురుక్కుమంటుంది. కురిసే మంచు తక్కువ కాబట్టి దుప్పటి పలచన. నేల ఇసుక, క్షారం. అక్కడ కాలువ నీటి ఆధారంగా పెంచే చెట్లలో విల్లో, పాప్లర్ ముఖ్యమైనవి కావడం ఊరికే కాదు. స్థానిక అడవి గులాబీ, జునిపర్, సీబక్‌థార్న్ అక్కడ అలంకరణకూ కంచెకూ తగినవి. సీబక్‌థార్న్‌లో ఆడ, మగ మొక్కలు వేరు. నారింజ రంగు కాయలు కావాలంటే రెండూ నాటాలి. ఇలాంటి చోటుకు స్థానిక మొక్కనే సూచించండి. దూరం నుంచి తెచ్చిన వింత మొక్క కంటే కొనేవారికి అదే ఎక్కువ కాలం నిలుస్తుంది.

పంపే ముందు, పంపే కాలం

కొండ ప్రాంతానికి ఆరుబయట నాటే మొక్కలను మన వైపు నుంచి పంపడానికి వారి వసంతం, అంటే ఆఖరి తెల్లమంచు దాటిన తరువాత కాలమే సరైనది. అప్పుడు వేరు పట్టుకోవడానికి నాలుగైదు నెలలు దొరుకుతాయి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు వచ్చే ఆర్డరును వాయిదా వేయించండి. దారిలో లారీ మీదే చలి తగులుతుంది.

పంపడానికి నెల ముందు నుంచి యూరియా ఆపేయండి. షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కను పది పదిహేను రోజులు ఎండలోకి, గాలిలోకి మార్చండి. నీరు కాస్త తగ్గించండి. మెత్తని చిగురు కంటే ముదిరిన కొమ్మ ఉన్న మొక్కను ఎంచండి. చూడటానికి గుబురుగా లేకపోయినా అదే బతుకుతుంది.

కుండీల్లో పెట్టుకుంటామని చెప్పేవారికి తప్పక హెచ్చరించాలి. కొమ్మ తట్టుకున్నంత చలిని వేరు తట్టుకోదు. కొమ్మ మైనస్ 30ని ఓర్చుకునే చాలా పొదల వేళ్లు మైనస్ 5కూ మైనస్ 15కూ మధ్యే చచ్చిపోతాయి. నేలలో ఉంటే వేరుకు అంత చలి తగలదు, కుండీలో నాలుగు వైపులా తగులుతుంది. అందుకని కుండీకి ఆ ఊరి కంటే రెండు మండలాలు చల్లని చోటుకు తగిన మొక్కను ఎంచాలన్నది తోటమాలులు పాటించే లెక్క. లేదా చలికాలంలో కుండీని నేలలో పూడ్చాలి.

కడియం రైతుకు అసలు లాభసాటి దారి ఇంకొకటి ఉందని నాకు అనిపిస్తుంది. చలి ఊళ్లలో హోటళ్లు, ఆఫీసులు లోపల వెచ్చగా ఉంచుకుంటాయి. మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు, అగ్లోనిమా, పీస్ లిల్లీ, అరీకా పామ్ లాంటి ఇంటి లోపలి మొక్కలు మనం బాగా, చవకగా పెంచగలం. వాటిని వేసవిలో పంపితే, కిటికీ అద్దానికి ఆనించకుండా పెట్టుకోమని చెబితే, బయట మైనస్ 10 ఉన్నా లోపల నిక్షేపంగా ఉంటాయి. బయటి తోటకు మొక్కలడిగిన కొనుగోలుదారుకు దీన్ని చూపించి ఆర్డరు మార్చుకోవచ్చు.

నాటాక కొనేవారు చేయవలసినవి

వేసవి చివరి నుంచి నత్రజని వేయకూడదు, కత్తిరింపులు చేయకూడదు. రెండూ కొత్త చిగురును రప్పిస్తాయి, ఆ చిగురు మొదట చస్తుంది. నేల గడ్డకట్టే ముందు ఒక మంచి తడి ఇవ్వాలి. సతతహరిత మొక్కలకు ఇది మరీ అవసరం. ఎండాకు, గడ్డి, రంపపు పొట్టు లాంటి కప్పును నేల గడ్డకట్టాకే వేయాలి. చలి లోపలికి పోకుండా ఆపడం దీని పని కాదు. నేల ఒకరోజు కరిగి, ఒకరోజు గడ్డకడుతూ లేచి పడుతుంటే కొత్తగా నాటిన మొక్క వేళ్లతో సహా పైకి తన్నుకొస్తుంది. దాన్ని ఆపడానికే కప్పు. లేత కాండం ఉన్న చెట్లకు ఎండ తగిలే వైపు తెల్లని గుడ్డ చుట్టాలి. శీతాకాలపు మధ్యాహ్నం ఎండకు బెరడు వేడెక్కి, సాయంత్రం ఒక్కసారిగా గడ్డకట్టి నిలువునా పగులుతుంది. ఈ సూచనలు ఒక కాగితం మీద హిందీలోనూ ఇంగ్లీషులోనూ అచ్చు వేయించి బిల్లుతో పాటు పంపండి. ఖర్చు పది రూపాయలు కాదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు అడిగితే

చికాగోలోనో, టొరంటోలోనో ఉన్న అమ్మాయి మల్లె, మందార, తులసి కావాలంటుంది. అవి అక్కడ కుండీలోనే సాధ్యం. రాత్రి చలి 10 డిగ్రీలకు దిగే లోపు ఇంట్లోకి తెచ్చుకోవాలి, వసంతంలో మళ్లీ మెల్లగా బయటి ఎండకు అలవాటు చేయాలి. ఇక్కడి నుంచి మొక్క పట్టుకెళ్లే ఆలోచన మాత్రం మానుకోమనండి. విదేశాలకు మొక్కలు పంపాలంటే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి, వేళ్లకు మట్టి ఉండకూడదు. నిమ్మజాతి తోటలను నాశనం చేసే పచ్చదనపు తెగులును మోసే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది కాబట్టి అమెరికాలో ఆ మొక్క మీద మరీ గట్టి ఆంక్షలున్నాయి. బ్యాగులో దాచి తీసుకెళితే విమానాశ్రయంలోనే పారేయిస్తారు, జరిమానా కూడా పడవచ్చు. అక్కడి నర్సరీలోనే కొనుక్కోవడం మంచిది.

గింజల ప్రకటనలు

ఫోనులో నీలం గులాబీ గింజలు, ఏడు రంగుల టులిప్ గింజలు, 'మంచులోనూ పూసే' మొక్కల గింజలు అని ప్రకటనలు వస్తుంటాయి. టులిప్‌ను గింజ నుంచి పెంచితే పువ్వు చూడటానికి ఐదారేళ్లు పడుతుంది. అందుకే తోటల్లో గడ్డలే నాటుతారు. గులాబీ రకాన్ని గింజతో నిలబెట్టలేరు, అంటో కొమ్మో కావాలి. ఆకాశపు నీలం గులాబీ సహజంగా లేదు. వీటికి డబ్బు కట్టవద్దు, వీటిని నమ్మి నారు పోసి ఇంకొకరికి అమ్మవద్దు.

చలి ప్రాంతం ఆర్డరు తీసుకునేటప్పుడు బిల్లు మీద ఊరి పేరు, వారు చెప్పిన అతి తక్కువ ఉష్ణోగ్రత, మొక్క ఆరుబయటికా ఇంటి లోపలికా, ఒక సీజనుకా ఎక్కువ కాలానికా అన్నది రాసి సంతకం తీసుకోండి. మీరు వద్దన్నా వారు పట్టుబట్టిన మొక్క ఉంటే దాని పక్కన 'చలికి తట్టుకోదని చెప్పాం' అని రాసి, ఆ మొక్కల వరకు డబ్బు పూర్తిగా ముందే తీసుకున్నాకే లోడు ఎత్తించండి.